స్టేబుల్ విడుదలలో బగ్ అలాగే ఉండిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్టేబుల్ విడుదలను వాడుతూ, అందులోని ఒక బగ్ నెలల తరబడి కదలకుండా ఉండటం చూసి విసిగినవారి కోసం ఈ పేజీ. సర్వర్లు చూసుకునేవారు, సొంత కంప్యూటర్లో లినక్స్ వాడేవారు, ఏదో చిన్న ప్రాజెక్టుకు మొదటిసారి మెయింటెయినర్ (ప్రాజెక్టు కోడ్ బాధ్యత చూసేవారు) అయినవారు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. తమ నియమాలనూ పొరపాట్లనూ బహిరంగంగా రాసిపెట్టే ప్రాజెక్టులు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా డెబియన్, ఉబుంటు (రెండూ లినక్స్ పంపిణీలు, అంటే డిస్ట్రోలు), లినక్స్ కెర్నల్ (వ్యవస్థకు గుండెలాంటి భాగం), పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (డేటాబేస్) నుంచే తీసుకున్నాను.

బగ్గులున్నాయని తెలిసీ స్టేబుల్ అని విడుదల చేస్తారా?

తెలిసే చేస్తారు. ఒక్క బగ్ కూడా మిగలకూడదని పట్టుబడితే ఏ పెద్ద సాఫ్ట్‌వేరూ ఎన్నటికీ బయటికి రాదు. అందుకని ప్రతి ప్రాజెక్టూ ఎక్కడో ఒక గీత గీసుకుంటుంది. డెబియన్‌లో బగ్ తీవ్రతకు ఏడు మెట్లున్నాయి: క్రిటికల్, గ్రేవ్, సీరియస్, ఇంపార్టెంట్, నార్మల్, మైనర్, విష్‌లిస్ట్. పై మూడూ విడుదలకు అడ్డుపడేవి. అలాంటి బగ్ ఉన్న ప్యాకేజీని బాగు చేయాలి, లేదా విడుదల నుంచి తప్పించాలి, అదీ కాకపోతే ఈసారికి వదిలేస్తున్నామని విడుదల బృందం స్వయంగా గుర్తు పెట్టాలి. నాలుగో మెట్టు నుంచి కిందివి ఎన్ని ఉన్నా విడుదల ఆగదు.

స్టేబుల్ ఇచ్చే హామీ ఒక్కటే: ఈ రోజు ఎలా పనిచేసిందో రేపు అప్‌డేట్ తర్వాత కూడా అలాగే పనిచేస్తుంది. తప్పుగా పనిచేసేది అలాగే తప్పుగా పనిచేయడం కూడా ఆ హామీలో భాగమే. వినడానికి చేదుగా ఉన్నా, వందల యంత్రాలు చూసుకునేవారు కోరుకునేది ఇదే. తెలిసిన తప్పుకు ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. చెప్పకుండా మారిపోయిన ప్రవర్తనకు ఏ ఏర్పాటూ ఉండదు.

పరిష్కారం తయారైంది, మెయిన్ బ్రాంచ్‌లో (కొత్త పని జరిగే ప్రధాన కోడ్‌లో) చేరింది కూడా. ఆ నాలుగు లైన్లను స్టేబుల్‌లో వేయడానికి అడ్డేమిటి?

అందరికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఈ ప్రశ్నే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

2023 డిసెంబరులో డెబియన్ 12.3 విడుదలకు అంతా సిద్ధమైంది. అందులోని కెర్నల్ 6.1.64. అప్పటికే ప్యాకేజీలు మిర్రర్లకు (డౌన్‌లోడ్ నకలు సర్వర్లకు) చేరిపోయాక, ఆ కెర్నల్‌తో ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డేటా పాడయ్యే ప్రమాదం ఉందని తేలింది. 12.3 ఇన్‌స్టాలేషన్ ఇమేజీలను ఆపేసి, డిసెంబరు 10న నేరుగా 12.4ను విడుదల చేశారు. అందులో 6.1.66 కెర్నల్ పెట్టారు.

అసలు ఏం జరిగింది? కొత్త కెర్నల్‌లో ఎక్స్‌ట్4కు ఒక చిన్న బగ్‌ఫిక్స్ చేశారు. డైరెక్ట్ ఐఓ పద్ధతిలో డిస్కుకు రాసినప్పుడు ఫైలు సైజు సరిగ్గా నమోదయ్యేలా చేయడం దాని పని. మెయిన్ బ్రాంచ్‌లో అది నిక్షేపంగా పనిచేసింది. దాన్నే 6.1 సిరీస్‌లోకి తెచ్చారు. అయితే మెయిన్ బ్రాంచ్‌లో అంతకుముందే మరో మార్పు జరిగి ఉంది: రాత పూర్తయ్యే వేళ ఫైలులో మన స్థానాన్ని కాస్త ఆలస్యంగా నవీకరించే మార్పు. కొత్త ఫిక్స్ దాని మీదే ఆధారపడింది. ఆ ముందరి మార్పు 6.1లో లేదు. ఫిక్స్ మాత్రం ఒంటరిగా వచ్చింది. దాంతో ఫైలులో ఎక్కడ ఉన్నామన్న లెక్క తప్పి, డేటా రాయకూడని చోట రాసే పరిస్థితి ఏర్పడింది. ప్యాచ్ (ఆ మార్పు ముక్క) ఘర్షణ లేకుండా అతుక్కుంది, కంపైల్ అయింది, చదివితే తప్పేమీ కనిపించదు.

కథ అక్కడితో ఆగలేదు. 6.1.66లో వై-ఫైకి సంబంధించిన మరో రిగ్రెషన్ (అంతకుముందు పనిచేసినది కొత్త మార్పుతో చెడటం) బయటపడి, ఆ మార్పును వెనక్కి తీసుకుంటూ వెంటనే 6.1.67 వచ్చింది.

స్టేబుల్ కెర్నల్ నియమాలు గట్టివే: మార్పు ముందుగా మెయిన్ బ్రాంచ్‌లో ఉండాలి, చూడగానే సరైనదని తెలిసేలా ఉండాలి, పరీక్షించి ఉండాలి, చుట్టూ ఉన్న లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు. పైన చెప్పిన ఫిక్స్‌ను ఆ నియమాలు ఆపలేకపోయాయి. ఇప్పుడు మీ నాలుగు లైన్ల ప్యాచ్ ముందు కూర్చున్న మెయింటెయినర్ స్థానంలో ఉండి ఆలోచించండి. పాత బ్రాంచ్‌లో ఆ లైన్ల చుట్టూ ఏముంది, ఏం లేదు అన్నది ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. అది నాలుగు లైన్లు రాయడం కన్నా పెద్ద పని, చేస్తే పేరు వచ్చే పని కూడా కాదు.

బగ్ ఉందని అందరూ ఒప్పుకుంటారు. అయినా సరిచేయబోమంటారు. ఇదేం న్యాయం?

ఆ బగ్ మీద ఎవరో ఆధారపడి ఉంటారు. 2010లో ఫెడోరా 14 వాడేవారికి ఫ్లాష్ ప్లేయర్‌లో శబ్దం గరగరలాడింది. కారణం జీలిబ్‌సీలో (లినక్స్ ప్రోగ్రాములు దాదాపు అన్నీ వాడే ప్రాథమిక లైబ్రరీలో) మెమరీని నకలు చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌ను వేగవంతం చేయడం. మూలం, గమ్యం ఒకదానిమీద ఒకటి పడే చోట మెమ్‌కాపీ వాడకూడదని, మెమ్‌మూవ్ వాడాలని సీ భాష ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. ఫ్లాష్ ఆ నియమం తప్పింది. పాత మెమ్‌కాపీ అదృష్టవశాత్తు దాన్ని కాపాడుతూ వచ్చింది, కొత్తది కాపాడలేదు. తప్పు ఫ్లాష్‌దేనని ఎంత వాదించినా పాట వినేవాడికి వినిపించేది గరగరే. చివరికి జీలిబ్‌సీ 2.14లో మెమ్‌కాపీకి కొత్త సింబల్ వెర్షన్ ఇచ్చి, పాత ప్రోగ్రాములకు పాత ప్రవర్తనే దక్కేలా ఏర్పాటు చేశారు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. లినక్స్‌లో ఎఫ్‌సింక్ (డేటాను కచ్చితంగా డిస్కుకు చేర్చమనే పిలుపు) ఒకసారి విఫలమైతే, మళ్లీ పిలిచినప్పుడు డేటా డిస్కుకు చేరకపోయినా విజయవంతమైందని చెప్పవచ్చని 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బృందం దృష్టికి వచ్చింది. అంటే అప్పటిదాకా వారు చేస్తున్న మళ్లీ ప్రయత్నించే పద్ధతికి అర్థమే లేదు. 2019 ఫిబ్రవరిలో, అప్పటికి మద్దతులో ఉన్న పాత బ్రాంచ్‌లన్నిటిలోనూ ప్రవర్తన మార్చేశారు: ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్ ఆగిపోయి లాగ్ నుంచి కోలుకోవాలి. నడుస్తున్న సర్వర్‌ను పడగొట్టే మార్పును స్టేబుల్‌లో వేయడం మామూలు విషయం కాదు. చడీచప్పుడు లేకుండా డేటా పోవడం కన్నా సర్వర్ పడిపోవడం మేలని తూకం వేశారు, పాత తీరే కావాలనేవారికి ఒక సెట్టింగ్ వదిలారు.

నిర్ణయం ఎటు మొగ్గుతుందో ఈ రెండింటితో ఊహించవచ్చు. డేటా నష్టం, భద్రతా లోపం, ప్రోగ్రాం అసలు మొదలే కాకపోవడం ఒకవైపు. మిగతావన్నీ మరోవైపు.

వెర్షన్ నంబరు పాతదే కనిపిస్తోంది. బగ్ ఉన్నట్టా, పోయినట్టా?

ఒక్క నంబరు చూసి చెప్పలేం. హార్ట్‌బ్లీడ్ గుర్తుందా? ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న లోపం అది. 2014 ఏప్రిల్ 7న 1.0.1జీతో సరిచేశారు. కానీ డెబియన్ 7 (వీజీ) వాడేవారికి 1.0.1జీ రానేలేదు. వారికి వచ్చింది 1.0.1ఈ-2+డెబ్7యు5. ముందు భాగం చూస్తే లోపమున్న వెర్షన్ లాగే ఉంటుంది, పరిష్కారం మాత్రం ఆ చివరి తోకలో ఉంది.

రెడ్ హ్యాట్, డెబియన్, ఉబుంటు అన్నీ ఇలాగే కొత్త కోడ్ నుంచి అవసరమైన ముక్కనే తెచ్చి పాత వెర్షన్‌కు అతుకుతాయి. నంబరు మాత్రమే చూసే భద్రతా స్కానర్లు అందుకే లేని లోపాలను ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంటాయి. ఆ నివేదిక పట్టుకుని మెయింటెయినర్‌కు టికెట్ పెట్టే ముందు ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో ఆ సీవీఈ నంబరు (భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం వెతకండి. డెబియన్‌కు, ఉబుంటుకు, రెడ్ హ్యాట్‌కు ఒక్కో సీవీఈ ఏ విడుదలలో ఏ స్థితిలో ఉందో చూపే బహిరంగ జాబితాలున్నాయి. అక్కడ సరైందని ఉంటే స్కానర్ మాట పక్కన పెట్టవచ్చు.

టికెట్ మూసేశారు. నా దగ్గర బగ్ మాత్రం అలాగే ఉంది.

ఎక్కడ మూశారో చూడండి. డెబియన్ ట్రాకర్ ప్రతి బగ్‌కూ అది ఏ వెర్షన్లలో కనిపించింది, ఏ వెర్షన్‌లో పోయింది అన్నది విడివిడిగా గుర్తుంచుకుంటుంది. అన్‌స్టేబుల్‌లో (కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే చోట) కొత్త వెర్షన్ ఎక్కించగానే టికెట్ మూతపడుతుంది, స్టేబుల్ దృష్టిలో మాత్రం బగ్ ఇంకా ఉన్నట్టే లెక్క. అబద్ధమేమీ చెప్పలేదు, మీరు వేరే వరుస చదువుతున్నారంతే.

ట్యాగులూ చదవాలి. మోర్‌ఇన్ఫో అంటే బంతి మీ కోర్టులో ఉంది. వోంట్‌ఫిక్స్ అంటే ఎదురుచూడటం దండగ, ప్రత్యామ్నాయం చూసుకోండి. అప్‌స్ట్రీమ్ అని ఉంటే అసలు ప్రాజెక్టు కోడ్‌లోనే లోపముందని. హెల్ప్ అని కనిపిస్తే మెయింటెయినర్ చేతులెత్తేసి ఎవరైనా వస్తారా అని చూస్తున్నారన్నమాట. మీరు ప్యాచ్ రాయగలిగితే ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

"కొత్త వెర్షన్‌లో ప్రయత్నించి చూడండి" అంటారు. స్టేబుల్ వాడేవాడిని అలా అడగడం తప్పించుకోవడం కాదా?

కొన్నిసార్లు తప్పించుకోవడమే. ఎక్కువసార్లు కాదు. కొత్తదానిలోనూ బగ్ ఉంటే అది అప్‌స్ట్రీమ్ పని, ముందు అక్కడ సరికావాలి. కొత్తదానిలో లేకపోతే పరిష్కారం ఎక్కడో ఉన్నట్టే, దాన్ని వెతికి వెనక్కి తేవడమే మిగిలింది. ఈ ఒక్క సమాచారంతో పని సగానికి తగ్గుతుంది. దీనికోసం మీ యంత్రాన్ని మార్చాల్సిన పనిలేదు. ఒక కంటైనర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో కొత్త వెర్షన్ పెట్టి ప్రయత్నిస్తే చాలు.

ఇంకో అడుగు వేయగలిగితే గిట్ బైసెక్ట్ వాడండి. మామూలుగా చెడు మొదలైన కమిట్‌ను (కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పు ఒక కమిట్) వెతకడానికి వాడే ఈ పరికరాన్ని, మంచి మొదలైన కమిట్‌ను వెతకడానికీ తిప్పి వాడవచ్చు. ప్రతి మెట్టులో సగం కమిట్లు పక్కకు పోతాయి కాబట్టి వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో తేలిపోతుంది. బగ్‌ను పోగొట్టిన కమిట్ ఇదీ అని చూపిస్తూ రాసిన టికెట్‌ను పక్కన పెట్టడానికి ఏ మెయింటెయినర్‌కూ మనసొప్పదు.

ఫిర్యాదు ఎవరికి పంపాలి, డిస్ట్రోకా, అప్‌స్ట్రీమ్‌కా?

ప్యాకేజీ డిస్ట్రో నుంచి వచ్చిందైతే ముందు డిస్ట్రోకే. మీ దగ్గరున్న కోడ్‌లో డిస్ట్రో వేసిన ప్యాచ్‌లు కలిసి ఉంటాయి, వాటి సంగతి అప్‌స్ట్రీమ్‌కు తెలియదు. రెండేళ్ల కిందటి వెర్షన్ గురించి అప్‌స్ట్రీమ్‌కు రాస్తే కొత్తది వాడమనే జవాబే వస్తుంది, అందులో వారి తప్పేమీ లేదు. అప్‌స్ట్రీమ్ తాజా కోడ్‌లో కూడా బగ్ కనిపిస్తే రెండు చోట్లా రాసి, ఒకదానిలో మరొకదాని లింకు ఇవ్వండి.

స్టేబుల్‌లో సరిచేయమని అడగాలంటే ఎలా రాయాలి?

స్టేబుల్ విడుదల అప్‌డేట్ల కోసం ఉబుంటు ఒక నమూనా పెట్టుకుంది. ప్రాజెక్టు ఏదైనా దాన్నే పాటిస్తే మంచిది. అది ప్రధానంగా మూడు విషయాలు అడుగుతుంది: బగ్ వల్ల వాడేవారికి జరిగే నష్టం, దాన్ని పరీక్షించే పద్ధతి, ఈ మార్పు వల్ల ఇంకేం చెడిపోవచ్చు అన్న అంచనా. మూడోదాన్ని చాలామంది "ఏమీ చెడదు" అని రాసి వదిలేస్తారు. అనుమతించేవారు అందరికన్నా ముందు చదివేది అదే.

ఒక ఊహాజనిత బ్యాకప్ ప్రోగ్రాం తీసుకుందాం. ఎక్కువగా వచ్చే టికెట్ ఇలా ఉంటుంది:

"బ్యాకప్ పనిచేయడం లేదు. కొత్త వెర్షన్‌లో సరిచేశారట. దయచేసి వెంటనే అప్‌డేట్ చేయండి. ఇది చాలా ముఖ్యం."

కదిలే టికెట్ ఇలా ఉంటుంది:

"4 గిగాబైట్ల కన్నా పెద్ద ఫైలును పునరుద్ధరిస్తే మొదటి 4 గిగాబైట్లే వస్తున్నాయి, ప్రోగ్రాం మాత్రం విజయవంతం అని చెప్పి ముగుస్తోంది. పరీక్ష: 5 గిగాబైట్ల ఖాళీ ఫైలు సృష్టించి, బ్యాకప్ తీసి, మరో డైరెక్టరీలోకి పునరుద్ధరించి, రెండింటి చెక్‌సమ్ పోల్చాలి. ఇప్పుడు తేడా వస్తుంది, ప్యాచ్ తర్వాత రాకూడదు. పరిష్కారం అప్‌స్ట్రీమ్‌లో ఒకే కమిట్, సైజు దాచే వేరియబుల్ రకం మార్చారు. చెడిపోయే అవకాశం ఉన్న చోటు: పాత వెర్షన్‌తో తీసిన బ్యాకప్‌లను చదవడం. వాటితో కూడా పరీక్షించాను, సరిగ్గానే వస్తున్నాయి."

"ముఖ్యం", "వెంటనే" అన్న మాటలు రెండోదానిలో ఎక్కడా లేవు. అవసరమూ లేదు, విజయవంతమని చెబుతూ డేటా పోగొట్టే ప్రోగ్రాం గురించి చదివినవారికి తీవ్రత వేరే చెప్పాలా?

అప్‌డేట్ ప్రతిపాదిత రిపాజిటరీలో చేరి వారాలైంది. ఎందుకు కదలడం లేదు?

చాలావరకు, పరీక్షించి చెప్పినవారు ఎవరూ లేకపోవడం వల్ల. ఉబుంటులో అలాంటి ప్యాకేజీ కనీసం ఏడు రోజులు అక్కడ ఉండాలి, పని జరిగిందని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. బగ్ కింద "నాకూ ఇదే సమస్య" అని వంద మంది రాస్తారు. పరీక్షించమని పిలిస్తే ఆ వందలో ఒక్కరూ కనిపించకపోవడం వింత కాదు. ప్యాకేజీ వేసుకుని, పరీక్ష పద్ధతి పాటించి, ఏ వెర్షన్‌లో చూశారో, ఏం కనిపించిందో రెండు వాక్యాలు రాయండి. కోడ్ ఒక్క లైను రాయకుండా చేయగలిగిన అతి విలువైన సాయం ఇదే.

డెబియన్‌లో భద్రతకు సంబంధించని మార్పులు సుమారు రెండు నెలలకోసారి వచ్చే పాయింట్ విడుదలలో కలుస్తాయి. ఆమోదం దొరికినా ఆ బండి వచ్చేదాకా ఆగాల్సిందే.

అప్పటిదాకా తాత్కాలిక మార్గంతో నెట్టుకురావచ్చా?

రావచ్చు, అది నిజంగా పనిచేస్తుందని మీరే పరీక్షించి ఉంటే. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జేలో లోపం బయటపడినప్పుడు ఒక సెట్టింగ్ మారిస్తే చాలని అందరూ ప్రచారం చేశారు. లక్షల సర్వర్లు చూసుకునేవారికి అది దేవుడిచ్చిన వరంలా అనిపించి ఉంటుంది. కొద్ది రోజుల్లోనే కొన్ని ప్రత్యేక అమరికల్లో ఆ సెట్టింగ్ సరిపోదని, మొదటి పరిష్కారమైన 2.15.0 కూడా అసంపూర్ణమని తేలి 2.16.0 వచ్చింది. జార్ ఫైలు (జావా ప్రోగ్రాం ప్యాకేజీ) నుంచి లోపానికి మూలమైన లుకప్ క్లాస్‌ను ఏకంగా తొలగించే మొరటు పద్ధతి మాత్రం నిలబడింది. తాత్కాలిక మార్గాల్లో నా ఓటు ఎప్పుడూ మొరటుదానికే: చెడిన భాగాన్ని వాడకుండా ఆపేయడం. తెలివైన సెట్టింగ్‌కు ఏదో ఒక మూల మినహాయింపు ఉంటుంది.

రెండో సంగతి, రాసిపెట్టడం. కాన్ఫిగరేషన్ ఫైలులో ఆ లైను పైనే వ్యాఖ్య ఉండాలి: ఏ బగ్ కోసం, టికెట్ నంబరు ఎంత, ఏ వెర్షన్ వచ్చాక తీసేయాలి. ఇది లేని తాత్కాలిక మార్గం తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, పెట్టినవాళ్లు ఉద్యోగం మారాక అది ఆ సర్వర్‌కు తలరాత అయిపోతుంది.

నేనే ప్యాచ్ వేసి ప్యాకేజీ కట్టుకోవచ్చా?

లైసెన్స్ ఇచ్చిన హక్కే అది, నిరభ్యంతరంగా కట్టుకోండి. కానీ వెర్షన్ పేరు పెట్టేటప్పుడు ఒక గొయ్యి ఉంది. డెబియన్ 12లో ప్యాకేజీ వెర్షన్ 2.4-3 అనుకుందాం. మీ ప్యాచ్ వేసి 2.4-3+లోకల్1 అని పేరు పెట్టారు. తర్వాత భద్రతా అప్‌డేట్ 2.4-3+డెబ్12యు1గా వస్తుంది. డెబియన్ ప్యాకేజీ పరికరం డీపీకేజీ అక్షరాలను వరుసలో పోలుస్తుంది. ఇంగ్లీషు అక్షరమాలలో ఎల్ డీ తర్వాత వస్తుంది కాబట్టి మీదే కొత్తదని లెక్కకడుతుంది. భద్రతా అప్‌డేట్ వచ్చినట్టే మీకు తెలియదు, హెచ్చరికా ఉండదు. తోకను డీ కన్నా ముందుండే అక్షరంతో మొదలుపెడితే ఈ చిక్కు రాదు. అయితే అప్పుడు అధికారిక అప్‌డేట్ మీ ప్యాచ్‌ను తుడిచేస్తుంది, మళ్లీ కట్టుకోవాలి. రెండింటిలో ఇదే మేలైన ఇబ్బంది.

మీకు పూర్తిగా అర్థంకాని కోడ్‌ను ముట్టుకోకండి. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, పరీక్షా పరికరం ఇస్తున్న హెచ్చరికలు పోగొట్టడానికి ఒక చిన్న మార్పు చేశారు. దాంతో యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌కు అందే ముడిసరుకు దాదాపు మొత్తం ఆగిపోయింది, మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. ఒక్కో రకం, ఒక్కో సైజు కీకి 32,768 అవకాశాలు మాత్రమే. 2008 మే 13న ప్రకటించేదాకా, రెండేళ్లపాటు పుట్టిన కీలన్నీ ఊహించగలిగేవే. హెచ్చరికలు మాత్రం చక్కగా పోయాయి.

పాత ప్యాకేజీని అలాగే కదలకుండా ఆపేస్తే?

అప్‌డేట్ వల్ల వచ్చిన రిగ్రెషన్‌కు అది మంచి మందు, మోతాదు తక్కువైతే. 2024 నవంబరు 14న వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 17.1లో ఒక అంతర్గత నిర్మాణం సైజు మారడంతో, అంతకుముందు కంపైల్ చేసిన కొన్ని ఎక్స్‌టెన్షన్లకు ఇబ్బంది వచ్చింది. వారం తిరగకముందే సరిచేసేందుకు సిద్ధపడి, నవంబరు 21న 17.2 ఇచ్చారు. అలాంటి వారం రోజులు ఆపడం వివేకం. ఆపిన సంగతి మరిచిపోతే భద్రతా అప్‌డేట్లూ ఆగిపోతాయి. క్యాలెండర్‌లో తేదీ వేసుకోండి.

డెబియన్ టెస్టింగ్ (తర్వాతి స్టేబుల్ తయారయ్యే చోటు) నుంచి ఆ ఒక్క ప్యాకేజీ తెచ్చుకుంటే సరిపోదా?

ఆ ఒక్క ప్యాకేజీ కొత్త జీలిబ్‌సీ అడుగుతుంది, అది వస్తే దాని వెనక మరికొన్ని వస్తాయి. చివరికి మీ దగ్గర ఉండేది స్టేబులూ కాదు, టెస్టింగూ కాదు. మీ బగ్‌ను ఇంకెవరూ పునఃసృష్టించలేరు. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్‌లో ఉంటే అది తెచ్చుకోండి, స్టేబుల్ లైబ్రరీలతోనే కట్టినది అది. డెస్క్‌టాప్ ప్రోగ్రాం అయితే ఫ్లాట్‌పాక్ (తన లైబ్రరీలను వెంట తెచ్చుకునే ప్యాకేజీ), సర్వర్ ప్రోగ్రాం అయితే కంటైనర్. వాటి అప్‌డేట్లు చూసుకునే బాధ్యత మీదవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

బగ్ భద్రతకు సంబంధించినదైతే?

బహిరంగ ట్రాకర్‌లో రాయకండి. ప్రాజెక్టు భద్రతా బృందానికి ప్రైవేటుగా పంపండి. చాలా ప్రాజెక్టులు ఎలా పంపాలో రాసిపెడతాయి.

సీవీఈ నంబరు ఉన్న ప్రతిదానికీ వెంటనే అప్‌డేట్ వస్తుందనుకోవద్దు. ప్రభావం తక్కువని అనిపిస్తే డెబియన్ భద్రతా బృందం ప్రత్యేక ప్రకటన ఇవ్వకుండా పాయింట్ విడుదలకు వదిలేస్తుంది. ఆ నిర్ణయం ట్రాకర్‌లో కారణంతో సహా ఉంటుంది. ఒప్పుకోకపోతే మీ పరిస్థితిలో దాని ప్రభావం ఎందుకు ఎక్కువో చెప్పి రాయండి.

కొత్తదంతా సురక్షితమన్న నమ్మకం ఉన్నవారికి 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) ఉదంతం గుర్తుచేయాలి. వెనకదారి చొప్పించింది 5.6.0, 5.6.1 వెర్షన్లలో. తాజా కోడ్ నడిపేవారి దగ్గరికి అది చేరింది, డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు.

నేను చిన్న ప్రాజెక్టు మెయింటెయినర్‌ను. సరిచేయలేని బగ్గులను ఏం చేయాలి?

విడుదల నోట్స్‌లో రాసేయండి. ఏ బగ్, ఎవరికి తగులుతుంది, తప్పించుకునే దారి ఏమిటి, ఈ సిరీస్‌లో సరిచేసే ఉద్దేశం ఉందా లేదా. సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆ జాబితా చదివి మీ ప్రాజెక్టును వదిలేసేవారికన్నా, చదివి సగం రోజు ఆదా చేసుకునేవారే ఎక్కువ.

సరిచేయరని మీకు తెలిసినప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పండి. "చూద్దాం" అని మూడేళ్లు నానబెట్టడం కన్నా, ఒక్క వాక్యం కారణం రాసి కాదనడం మర్యాద. కొన్ని నెలలు ఎవరూ రాయలేదని టికెట్లను తనంతట తానే మూసేసే బాట్‌లంటే నాకు సరిపడదు. బగ్ నిశ్శబ్దంగా ఉందంటే పోయిందని కాదు, చెప్పినవాళ్లు అలసిపోయారని. తెరిచి ఉన్న టికెట్ల సంఖ్య పెద్దగా కనిపించడమే బాధైతే, సరిచేయబోనివాటికి ఒక ట్యాగ్ పెట్టి జాబితాలోంచి దాచుకోవచ్చు.

పదేళ్లు దాటినా తెరిచే ఉండే టికెట్లకు అర్థం ఉందా?

కొన్నిటికి ఉంది. జీటీకే (లినక్స్ ప్రోగ్రాముల కిటికీలు కట్టే టూల్‌కిట్) ఫైల్ ఎంపిక కిటికీలో బొమ్మల నమూనాలు గ్రిడ్‌లా చూపించమని 2004లో అడిగారు. 2023లో వచ్చిన జీటీకే 4.10లో అది నెరవేరింది. అంతవరకు అది జోకులకు ముడిసరుకు. నిజానికి అది బగ్ కాదు, కోరిక. ఈ రెండింటినీ ఒకే జాబితాలో ఉంచడమే సగం చికాకుకు కారణం. ఉబుంటు మొదటి నంబరు బగ్ అయితే మార్కెట్లో మైక్రోసాఫ్ట్‌దే ఆధిక్యమన్న ఫిర్యాదు. 2004లో ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ నమోదు చేసి, 2013లో ఆయనే మూశారు.

ఎంతకాలం ఓపిక పట్టాలి?

మీ విడుదల ఆయుష్షు చూసి లెక్కవేయండి. డెబియన్ స్టేబుల్‌కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాల మద్దతు. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలకు ఐదేళ్ల ప్రామాణిక మద్దతు, మధ్యంతర విడుదలలకు తొమ్మిది నెలలే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఐదేళ్లు. పైథాన్ వెర్షన్‌కూ ఐదేళ్లే అయినా, మామూలు బగ్గులు సరిచేసేది తొలి రోజుల్లోనే. 3.12 దాకా సుమారు ఏడాదిన్నర, 3.13 నుంచి రెండేళ్లు, మిగతా కాలమంతా భద్రతా పరిష్కారాలే. మీ బగ్ మామూలుదై, మీ వెర్షన్ ఆ రెండో దశలోకి వెళ్లిపోయి ఉంటే ఎదురుచూడటంలో అర్థం లేదు. తర్వాతి వెర్షన్‌కు మారే పని మొదలుపెట్టండి.

ఆగలేని పరిస్థితి అయితే డబ్బిచ్చి చేయించుకోవడం కూడా సబబే. ఓపెన్ సోర్స్‌లో పనిచేసే సలహాదారులు చాలామంది ఇదే వృత్తిగా బతుకుతున్నారు. కాకపోతే ఒప్పందంలో ప్యాచ్‌ను అప్‌స్ట్రీమ్‌కు పంపే పని కూడా రాయించండి. లేకపోతే ప్రతి అప్‌గ్రేడ్‌కూ అదే ప్యాచ్‌కు మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది.

అప్‌గ్రేడ్ చేశాక బగ్ కనిపించడం లేదు. టికెట్ ఏం చేయాలి?

ఏ వెర్షన్‌లో పోయిందో ఒక లైను రాసి, మీరు పెట్టినదైతే మూసేయండి. పాత వెర్షన్‌లో ఇంకా ఉందని తెలిస్తే ఆ మాట కూడా రాయండి. పాత విడుదలలో ఉండిపోయినవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ టికెట్ దగ్గరికే. తర్వాత మీ కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి, ఆ బగ్ కోసం పెట్టిన లైను తీసేసి, సర్వీసును రీస్టార్ట్ చేసి చూడండి.